రాక్ సంగీతము – తెలుగు మాత్ర

'రాక్' అను మాట మన సీమలో వినబడినప్పుడు మొదట స్ఫురించునది రాయి. పెనుకొండ దుర్గము, లేపాక్షి బసవన్న, ధర్మవరము చుట్టుప్రక్కల బోడిగుట్టలు – రాతికి కొదువలేని దేశము మనది. లేపాక్షి వీరభద్రాలయపు నాట్యమండపస్తంభములపై రంభ నర్తించుచుండ, బ్రహ్మ మద్దెల వాయించుచుండ, తుంబురుడు వీణ మీటుచుండ, మూడుకాళ్ళ భృంగి అడుగులు దిద్దుచుండ చెక్కిన శిల్పములను చూచివచ్చిన విద్యార్థి యొకడు "రాక్ సంగీతమనగా నిదియే కాదా!" అని మాతో పరిహాసమాడెను. పరిహాసము పరిహాసమే. ఆ పేరులోని 'రాక్' నామవాచకము కాదు, క్రియ. ఊగుట, ఊపుట యని దాని యర్థము. అమెరికాలోని నల్లజాతివారి ప్రార్థనాలయములలో భక్తులు పాడుచు ఊగెడి ఊపునకును, వారి లౌకికగీతములలోని శృంగారపు ఊపునకును ఆ యొక్క మాటయే చెల్లినది. 1922లో ట్రిక్సీ స్మిత్ అను గాయని పాడిన గ్రామఫోను పాట పేరులోనే 'రాక్', 'రోల్' అను రెండు మాటలును కలసి వచ్చినవి. 1951 నుండి క్లీవ్లాండు నగరపు రేడియోలో అలన్ ఫ్రీడ్ అను ప్రసారకుడు ఆ జంటమాటను ఒక సంగీతశాఖకు పేరుగా వ్యాప్తికి దెచ్చెను.

ఈ వ్యాసమునకు ప్రేరణ మాత్రము అమెరికా కాదు, హిందూపురము. ఇటీవల అచ్చట నొక కళాశాల వార్షికోత్సవమునకు మేము పోయియుంటిమి. నలుగురు విద్యార్థులు – ఇద్దఱు గిటార్లతో, ఒకడు డ్రమ్ములతో, ఒకడు వట్టి గొంతుతో – తాము వ్రాసికొన్న తెలుగు రాక్ పాటను పాడిరి. పాట తొలకరిని గూర్చినది. కరవుసీమ పిల్లలు తొలకరిని గూర్చి పాడుటకంటె సహజమైన దేమున్నది? పల్లవి కాగితముమీద నిట్లున్నది: "పడెను తొలకరి పల్లెలపైన, తడిసె గుడిసెల దడులును నేల." చక్కని పాదములు. కాని సభలో మాకు వినబడినది "పాడెను తొలకరి" అని. తరువాత "తాడిసె గుడిసెల" అని. తొలకరి పాడుట యొక నూతనకల్పనగా నున్నదని మా ప్రక్కనున్న పెద్దలొకరు మెచ్చుకొనిరి. 'తాడిసె'కు మాత్రము వారికిని అర్థము తోచలేదు.

సభ ముగిసినపిదప చిన్న వాదము నడచినది. తెలుగు అజంతభాష, లలితమైనది, ఆ సమ్మెటదెబ్బలకు తాళజాలదని యొకరనిరి. భాషమాట యటుంచుడు, అది సంగీతమే కాదు, రొద యని మఱియొకరనిరి. పాడిన విద్యార్థిని మేమడిగితిమి: "నాయనా, పడెను అని వ్రాసి పాడెను అని పాడితివేమి?" అతడు తడుముకొనక "ఏం జేసేది సార్, ఫస్ట్ బీట్ మింద పొట్టి అక్షరం నిలబడదు, సాగదీయాల్సిందే" అనెను. పెద్దలిద్దఱి ఆక్షేపణలకంటె ఈ కుఱ్ఱవాని మాటయే శాస్త్రీయమైనది. సమస్య రొదలో లేదు, లాలిత్యములో లేదు, మాత్రలో నున్నది. రాక్ సంగీతపు స్వరము, ధ్వని, లయ – ఈ మూడును తెలుగు చెవికి కొత్తవి కావనియు, తెలుగున రాక్ పాట చెడుచున్న తావు అక్షరపు హ్రస్వదీర్ఘములయొద్దనే యనియు, దానికి విఱుగుడు మన ఛందశ్శాస్త్రమునందే కలదనియు మా ప్రతిపాదన.

రాక్ సంగీతచరిత్రమును సమగ్రముగా చెప్పుట యిచ్చట మా యుద్దేశము కాదు, వలసినంత చెప్పుదుము. పత్తిపొలములలోను, రైలుదారులు వేయుచోటను నల్లజాతి కూలీలు పాడిన పాటలలో ఒకడు చరణ మెత్తుకొనుట, తక్కినవారందుకొనుట ఆచారము. ఆ మూలమునుండి 'బ్లూస్' అను గేయము పుట్టినది. దాని కట్టడ సులభము: మొదటి పాదము పాడుదురు, దానినే మరల పాడుదురు, మూడవ పాదముతో ముగింతురు, ప్రతి పాదము చివర గొంతు ఆగిన యెడమున గిటారు బదులు పలుకును. మన చెక్కభజనలో గురువు చరణమునకు వంతవారు బదులిచ్చుటకును దీనికిని బంధుత్వము లేదు గాని పోలిక కలదు. ఈ బ్లూసును, ప్రార్థనాలయగీతమును, తెల్లవారి పల్లెపాటయు 1950 ప్రాంతమున విద్యుత్తుతో నడచెడి గిటారు చుట్టును చేరి రాక్ అయినవి. 1951లో మెంఫిస్ నగరమున ముద్రితమైన 'రాకెట్ 88' అను పాటను తొలి రాక్ పాటగా గణించువారు కలరు. చెడిన ధ్వనివర్ధకములో కాగితము కుక్కి వాయింపగా వచ్చిన గరగరధ్వని దానియందున్నదని చెప్పుదురు. 1954 జూలైలో అదే నగరమున ఎల్విస్ ప్రెస్లీ తన మొదటి పాటను పాడెను. ఆ పాట ఆర్థర్ క్రుడప్ అను నల్లజాతి గాయకునిది. పాడిన తెల్లవాడు జగత్ప్రసిద్ధుడయ్యెను; కట్టినవానికి న్యాయముగా రావలసిన సొమ్ము జీవితకాలమున దక్కలేదు. చర్మవాద్యమును వాయించువానిని ఊరిబయట నుంచి, ఆ వాద్యము లేక ఊరిలో పెండ్లియు చావును జరుపనేరని మన సమాజమునకు ఈ కథ తెలియని కథ కాదు.

తరువాతి విస్తరణమును వేగముగా దాటుదుము. 1955లో చక్ బెరీ, 1964 నాటికి అమెరికాను ఊపిన ఇంగ్లండు బీటిల్సు, 1965లో వారి పాటలోనికి వచ్చిన సితారు, 1969లో వుడ్‌స్టాక్ సభలో రవిశంకరుడు – ఇవి పలువురెఱిగినవే. 1977లో నక్షత్రాంతరయాత్రకు వెడలిన వాయేజరు నౌకలలోని బంగరుపలకపై చక్ బెరీ పాటయు, మన కేసర్‌బాయి కేర్కర్ గానమును ఒకచోటనే యున్నవి. అచ్చట వారిరువురకు పేచీ లేదు.

పరదేశపు వాద్యము తెలుగుపాటలోనికి వచ్చుట యిది మొదటిసారి కాదు. ఈ విషయమున ధర్మవరమునకు ఒక ప్రత్యేకస్థానమున్నది. 1853లో ఆ యూర జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా నుండి, ఆంధ్రనాటకపితామహుడని ప్రసిద్ధిగాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకమునకు పద్యముతోబాటు పాటను తెచ్చెను. పార్సీ నాటకసమాజముల బాణీలు దక్షిణదేశమున మారుమ్రోగుచున్న కాలమది. కథాసంవిధానమునందు ఆంగ్లేయుల విషాదాంతమును, సంగీతమునందు ఆ నాటి రంగస్థలపు వరుసలను స్వీకరించుటకు ఆయన జంకలేదు. ఆ రంగస్థలమునకు హార్మోనియము ఆధారశ్రుతి యయ్యెను. ఆ పెట్టె 1842లో పారిస్ నగరమున రూపొందినది. గమకము పలుకలేని ఆ పెట్టె భారతీయసంగీతమునకు తగదని ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి 1971 వఱకు వెలివేసినది. ఈ నడుమ మన పల్లెలలో హరికథ గాని, భజన గాని, నాటకము గాని అది లేక జరిగినదా? నేడు హార్మోనియమును విదేశీయమన్నచో పల్లెటూరి భాగవతారు నవ్వును. నిషేధించినవారి శాస్త్రము తప్పు కాదు. హార్మోనియము గమకము పలుకదను మాట నిజమే. కాని తెలుగు రంగస్థలపద్యము దానికి లొంగలేదు. పద్యము తన యతిప్రాసలతో తాను నిలిచి, రాగాలాపమునకు పాదాంతమున చోటిచ్చి, ఆ పెట్టెను తనకు ఊడిగము చేయించుకొన్నది. గిటారు విషయమున మనమడుగవలసిన ప్రశ్నయు నిదియే: ఎవరు ఎవరికి లొంగవలెను?

గిటారునకు హార్మోనియముపాటి దోషమైనను లేదు. తంత్రిని వ్రేలితో ప్రక్కకు వంచి స్వరమును స్వరములోనికి జార్చవచ్చును. బ్లూస్ గాయకులు గాంధారమును, నిషాదమును అట్లు వంచి పలికించుటలోనే వారి శోకమంతయు నున్నది. ఇక వారికి మిక్కిలి పరిచితమైన అయిదుస్వరముల మెట్టును మన స్వరములలో చెప్పినచో షడ్జము, సాధారణగాంధారము, శుద్ధమధ్యమము, పంచమము, కైశికినిషాదము. అది శుద్ధధన్యాసి. అన్నమాచార్యుని 'భావములోన' కీర్తనను నేడు ప్రచారమునందున్న బాణీలో పాడువారు ఆ మెట్లమీదనే నడచుచున్నారు. రాగమునకును మెట్టునకును భేదమున్నదని మేమెఱుగకపోలేదు. సంచారము, గమకము, న్యాసము వేఱు. అయినను హిందూపురపు కుఱ్ఱవాడు గిటారుపై మొట్టమొదట నేర్చెడి అయిదు స్వరములు వాని అవ్వ పూజగదిలో పాడెడి అయిదు స్వరములేయని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

రొద యన్న ఆక్షేపణకు సమాధానము ఉరుములవారియొద్ద కలదు. అనంతపురసీమ జాతరలలో ఉరుము అను చర్మవాద్యము వినని వారెవరు? దాని ఒక ముఖమును వంపుపుల్లతో రాచుటచేత పుట్టెడి ధ్వని దెబ్బ కాదు, స్వరమును కాదు. మేఘము కడుపులో కదలినట్లు సాగెడి గుర్గురధ్వని. వాద్యమునకా పేరట్లు వచ్చినదే. దేవత యెదుట ఆ ధ్వని లేచినప్పుడు వినువాని గుండెకాయ తాళము మారును. ఇప్పుడు 1958వ సంవత్సరమున అమెరికాలో లింక్ రే అను గిటారువాద్యకుడు చేసిన పనిని చూడుడు. అతడు షానీ అను ఆదివాసిజాతి సంతతివాడు. తన ధ్వనివర్ధకపు పొరను పెన్సిలుతో పొడిచి చిల్లులు చేసి, గిటారు తేటదనమును కావలెననియే చెఱచి, మాట యన్నది లేని యొక వాద్యఖండమును వెలువరించెను. గరగరధ్వనిని రాక్ సంగీతమున నొక రసముగా స్థాపించిన కృతి యది. యువకులు కలహములకు దిగుదురను భయముతో కొన్ని రేడియో కేంద్రములు దానిని ప్రసారము చేయ నిరాకరించినవి. మాటలేని పాటను మాటలకై శిక్షించు వీలులేక ధ్వనికే శిక్ష వేసిరి. ఆ వాద్యఖండము పేరు 'రంబుల్'. తెలుగున చెప్పవలెనన్న 'ఉరుము'.

ఇది యాదృచ్ఛికమని మాకు తెలియును. లింక్ రే మన జాతరను వినలేదు. మన ఉరుములవారు లింక్ రేను వినలేదు. కాని శ్రుతిశుద్ధమైన నాదమొక్కటే సంగీతము కాదనియు, నాదమును రాచి, చీల్చి, గరుకు చేసినప్పుడు కలుగు ఉద్వేగము వేఱొకటి కలదనియు రెండు జాతులవారు విడివిడిగా తెలిసికొనిరి. మన లక్షణగ్రంథములలో దానికి చోటు లేకపోవుట గ్రంథముల లోపమే గాని ధ్వని లోపము కాదు.

ఇక లయ. రాక్ తాళము నాలుగు దెబ్బలది. మన చతురశ్రమును నాలుగే. భేదము ఊనికలో నున్నది. మన తాళమున మొదటి దెబ్బ, అనగా సమము, ప్రధానము. రాక్ సంగీతమున పెద్ద డ్రమ్ము ఒకటవ, మూడవ దెబ్బలను మెత్తగా పట్టుచుండ, చిన్న డ్రమ్ము రెండవ, నాలుగవ దెబ్బలపై ఫెళ్ళున మ్రోగును. బరువు వెనుకకు జరిగిన ఈ నడకలోనే దాని ఊపంతయు నున్నది. ధర్మవరపు వీధులలో పట్టుమగ్గములనడుమ నడచినవారికి ఈ నడక కొత్తదిగా తోపదు. నాడె అడ్డముగా పరుగెత్తునప్పటి సవ్వడి తేలిక. దాని వెనువెంట పేకను బిగించుటకు వేసెడి దెబ్బ బరువు. తేలిక, బరువు, తేలిక, బరువు. ఒక వీధిలో ఇరువది మగ్గములాడుచున్నప్పుడు ఆ బరువుదెబ్బలు ఒకదానినొకటి దాటుచు, కలియుచు, విడిపోవుచుండును. మరమగ్గములు వచ్చినతావుల ఈ నడక మాఱినది. చేతిమగ్గమున్నచోట నేటికిని వినవచ్చును.

కాని చెవికి పరిచితమైనంతమాత్రమున నాలుకకు లొంగునా? ఇచ్చటనే ఆ విద్యార్థి ప్రశ్న నిలిచియున్నది. ఆంగ్లభాషలో పదమునకు ప్రాణము ఊనిక. ఊనిక గల అక్షరమును దెబ్బపై నుంచి సాగదీసినను, కుదించినను అర్థము చెడదు. తెలుగున ఊనికకు అర్థమును మార్చు శక్తి లేదు. ఆ శక్తి మాత్రకున్నది. కల సాగినచో కాల. పలు సాగినచో పాలు. గది సాగినచో ధాన్యము పోసెడి గాది. మడి సాగినచో మాడి. ఆంగ్లగేయపు బాణీని ముందు కట్టుకొని దానిలో తెలుగుమాటలను పొదుగువారు, ఆంగ్లపదపు ఊనిక యున్నచోట తెలుగుపదపు మొదటి యక్షరమును నిలిపి, అది హ్రస్వమైనను దీర్ఘముగా లాగుచున్నారు. తొలకరి పడుట మాని పాడుట ఇందుచేతనే. చలనచిత్రములలో బాణీ ముందు, మాట వెనుక అను పద్ధతి చిరకాలమునుండి యున్నది. సమర్థులైన కవులు ఆ బాణీ కొలతలను తెలుగుగణములుగా మార్చుకొని తప్పించుకొనిరి. రాక్ బాణీలో దెబ్బ మఱింత గట్టిది గనుక తప్పించుకొనుట మఱింత కష్టము.

కీర్తనలు పాడువారును అక్షరములను సాగదీయుదురు గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. అది యంతయు నిర్దోషమని మేమనము. కచేరీలలో మాటను ముక్కలు చేసి మ్రింగువారిని మేమెఱుగుదుము. అయినను వాగ్గేయకారుడు సాధారణముగా గురువున్నచోట సాగదీయును, లఘువులను లఘువులుగనే దాటించును. సంగతులు వేయునప్పటికి మాట యొకసారి తన కొలతతో శ్రోత చెవిన బడియుండును. మన జిల్లా రాళ్ళపల్లిలో జన్మించిన అనంతకృష్ణశర్మగారు (ఊరి పేరులో రాళ్ళున్నవను పరిహాసమును మా విద్యార్థులు విడువరు) 1950 ప్రాంతమున తిరుపతిలో అన్నమాచార్యుని రాగిఱేకుల పాటలకు స్వరములు కూర్చిన పని సంగీతజ్ఞుడొక్కడు గాని, సాహితీపరుడొక్కడు గాని చేయదగినది కాదు. పాట యొక్కటే యైనను దానికి చెవులు రెండు కావలెను. విశ్వవిద్యాలయపు తెలుగుశాఖలలో నేడు ఆ రెండవ చెవి మూతబడియున్నదని మా యనుమానము. 2016లో బాబ్ డిలన్ అను రాక్ గాయకునకు సాహిత్యమున నోబెల్ బహుమానము వచ్చినప్పుడు పాట సాహిత్యమగునా యని లోకము చర్చించినది. క్షేత్రయ్య పదములను పాఠ్యములుగా చదువుకొనెడి మనకు ఆ చర్చ వింతగా నుండవలసినది. కాని మనలోను చాలమంది ఆ ప్రశ్ననే వేసిరి.

సరి, విఱుగుడెక్కడ? రగడలో నున్నది. దేశిచ్ఛందస్సులలో రగడ పాడుటకై పుట్టినది. మధురగతిరగడ పాదమునకు నాలుగేసి మాత్రల గణములు నాలుగు. మొత్తము పదునాఱు మాత్రలు. ఆదిప్రాస యున్నది, యతి యున్నది, రెండు పాదములకు అంత్యప్రాసయు నున్నది. ఇప్పుడు దెబ్బకు రెండు మాత్రల చొప్పున లెక్కింతము. ఒక గణమునకు రెండు దెబ్బలు. గణములోని మూడవ మాత్ర సరిగా రెండవ దెబ్బపై, రాక్ సంగీతమున చిన్న డ్రమ్ము మ్రోగెడి దెబ్బపై, పడును. మన ప్రాస పాదమునందలి రెండవ యక్షరమునకు. మొదటి యక్షరము గురువైనచో రెండు మాత్రలు గడచును. ప్రాసాక్షరము మూడవ మాత్రపై, అనగా ఆ బరువుదెబ్బపైననే, వచ్చి నిలుచును. మొదటి పాదమున ప్రాసపూర్వాక్షరము గురువైనచో రెండవదానను గురువే కావలెనను నియమమున్నది గనుక ఈ నిలుకడ పాదపాదమునకు తప్పదు. మూడవ గణము మొదటనుండు యతి రెండవ ఆవృత్తపు మొదటి దెబ్బపై పడును. ఆంగ్లగేయమున పాదాంతమునందు మాత్రమే వినబడు ధ్వనిసామ్యము తెలుగున పాదము మొదటను, నడుమను, చివరను మూడుచోట్ల దెబ్బలను పట్టుకొనగలదు. తెలుగు రాక్ తాళమునకు తాళదన్న పెద్దలు ఈ లెక్కను పరిశీలింప వేడుచున్నాము.

మొదటి యక్షరము లఘువైనప్పుడో? అదియే కదా హిందూపురపు చిక్కు. అప్పుడు సాగదీయుట కాదు, ఆగుట కావలెను. మొదటి దెబ్బను ఖాళీగా విడిచి, ఒక మాత్ర గడచినమీదట పదము నెత్తుకొనవలెను. దీనిని మనవారు అనాగతగ్రహమందురు. త్యాగరాజస్వామి కీర్తనలు పెక్కు దేశాదితాళమున నున్నవి. వానిలో తాళము పడిన పిదప ఒకటిన్నర అక్షరకాలము గడచినమీదట గాని సాహిత్య మారంభింపదు. దెబ్బ వెనుక మాట పుట్టుటకు తెలుగు చెవి రెండువందల యేండ్లుగా అలవాటుపడియున్నది. ఆ విద్యార్థుల పాదమునే తీసికొందము. ఒక మాత్ర విరామము, 'పడెను' మూడు మాత్రలు, 'తొలకరి' నాలుగు, 'పల్లెల' నాలుగు, 'పైన' మూడు, ఒక మాత్ర విరామము. పదునాఱు. రెండవ పాదమున విరామము, 'తడిసె'; 'గుడిసెల'; 'దడులును'; 'నేల', విరామము. మరల పదునాఱు. ప్రాసాక్షరమైన డకారము రెండుచోట్లను మూడవ మాత్రపై, బరువుదెబ్బమీదనే పడుచున్నది. ప-పలకు, త-దలకు యతియు కుదిరినది. అతడు యతినెఱిగి వ్రాసెనో, ఎఱుగక వ్రాసెనో మేమడుగలేదు. అంత్యప్రాస లేదు, ఉన్న బాగుండును, లేకున్న ప్రమాదము లేదు.

పదమునే వాద్యము చేయుట తెలుగుకవిత్వమున అపూర్వము కాదని చెప్పుటకు పెనుకొండ పోవలెను. పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) బాల్యమును గడపినది అచ్చటనే. సంస్కృతాంధ్రములతోబాటు నాట్యమును అచ్చట నేర్చిరి; బాల్యముననే 'పెనుగొండలక్ష్మి'ని వ్రాసిరి; విద్వాన్ పరీక్షకు తాము కూర్చున్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యముగా వచ్చిన ముచ్చట ప్రసిద్ధము. వారి 'శివతాండవము'ను చదువుట వేఱు, వినుట వేఱు. అందు శివుని యడుగులను వర్ణించు మాటలు తామే యడుగులైనవి. మాత్రాగతి మాఱినప్పుడు వర్ణన మాఱినదని గాక నర్తకుడు మాఱినాడని తోచును. కాలికి గజ్జె కట్టి నేర్చిన నాట్యమే ఆయన కలమునకు గతిని ఇచ్చినదని మా విశ్వాసము. ఒక్క హ్రస్వమైనను సాగదీయనక్కఱ లేకుండ అంతటి ఊపును తెలుగు పలుకగలదనుటకు అంతకంటె సాక్ష్యము మాకు తెలియదు. రాక్ పాటలు వ్రాయగోరు యువకులకు ఆంగ్లగేయములకంటె ముందు ఈ గ్రంథమును చేతికియ్యవలెను. అర్థము కొఱకు కాదు, గొంతెత్తి చదువుట కొఱకు.

1965వ సంవత్సరమును గూర్చి ఒక మాట. ఆ యేడు మే నెలలో హైదరాబాదున దిగంబరకవుల తొలి సంపుటమును ఒక రిక్షాకార్మికుడు ఆవిష్కరించెను. ఆ జూలైలో డిలన్ న్యూపోర్టు సభలో విద్యుద్గిటారు పట్టి జానపదగీతాభిమానులకు కోపము తెప్పించెను. ఆగ్రహము రెండుచోట్ల ఒక్కటే. వారు ఆగ్రహమునకు లయను వెదకికొనిరి. మనవారు ఛందస్సును సంకెలయని తెంచి వచనమున నిలిచిరి. వచనము వలన లాభము కలుగలేదని మేమనము. కాని లయ నంతటిని పాతకాలమునకు వదలివేయుటచేత, తరువాతితరపు నగరయువకునకు తన కోపమును తెలుగున పాడుకొను దారి దొరకక, అతడు ఆంగ్లగీతమునకు పోయెను. హిందూపురమునకు బెంగుళూరు సుమారు నూఱు కిలోమీటర్లు. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఒకే రైలుదారిపైనున్నవి. ఆ దారి బెంగుళూరునకు పోవును. 2003లో రోలింగ్ స్టోన్సు, 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా అచ్చటి ప్యాలెస్ మైదానమున పాడిన సభల ప్రతిధ్వని ఈ దారివెంట రాలేదనుకొనుట పొరబాటు. 2022లో ఈ మూడూళ్ళును అనంతపురము జిల్లానుండి శ్రీసత్యసాయి జిల్లాలోనికి మాఱినవి గాని, బస్సెక్కు యువకుని ముఖము బెంగుళూరువైపుననే యున్నది.

ఇటీవలి ప్రయత్నములలో గుణము గలవి లేకపోలేదు. బెంగుళూరు 'అగం' బృందము త్యాగరాజకీర్తనలను రాక్ వాద్యములతో పాడుచున్నది. ఆ కీర్తనలలో మాట చెడకుండుటకు కారణము గాయకుల నేర్పు కొంత, త్యాగరాజు కూర్చిన కొలత అధికము. హైదరాబాదునుండి వచ్చిన 'చౌరస్తా' బృందము వాడుకమాటలను వాడుక కొలతలోనే పాడుటచేత వినువానికి పరాయితనము తోపదు. 2017 నాటి 'అర్జున్‌రెడ్డి' చిత్రమున రధన్ కూర్చిన సంగీతము రాక్ ధ్వనిని లక్షలమంది చెవులకు చేర్చినది. అందు గిటారునకున్న స్వేచ్ఛ మాటకు లేదని మాకు తోచినది. ఈ యభిప్రాయముతో ఏకీభవింపనివారు మా విద్యార్థులలోనే పలువురు గలరు.

హిందూపురమునకు మఱల పోయితిమి. ఆ నలుగురను కూర్చుండబెట్టి పైలెక్కను సుద్దముక్కతో నేలమీద వ్రాసి చూపితిమి. డ్రమ్ములవాడు మొదట ఒప్పుకొనలేదు. మొదటి దెబ్బపై మాట లేకున్న పాట జాఱిపోవుననెను. మొదటిసారి జాఱినది. రెండవసారి గొంతువాడు తొందరపడి ముందే యెత్తుకొనెను. మూడవసారి పెద్ద డ్రమ్ము ఒంటరిగా మ్రోగినది, దాని వెనుక 'పడెను' వచ్చినది, చిన్న డ్రమ్ము డకారముమీద పగిలినది, తొలకరి పడినది. "ఇదేంది సార్, ఇంత దెబ్బ తగిలె!" అని గిటారు పిల్లవాడు తీగలనుండి చేయి తీసెను. 'తడిసె' కూడ కుదిరినది. రెండవ చరణములోని 'కల' మాత్రము ఇంకను 'కాల'గనే యున్నది. అచ్చట విరామమునకు చోటు లేకుండ గిటారు వరుస మొదటి మాత్రనుండియే నిండియున్నది; ఆ వరుసను మార్చి వచ్చెదమని వారు చెప్పిరి.